కనీస వేతనం ఎవరికి కాపలా? బిలాస్‌పూర్ చెబుతున్న చరిత్ర

కేంద్ర హోం శాఖ వీసా నియమాల్లో ఒక అంకె ఉంది: 16.25 లక్షల రూపాయలు. విదేశీయుడెవరైనా ఉద్యోగ వీసాపై భారతదేశంలో పనిచేయాలంటే, అతనికి పూచీపడే సంస్థ ఏడాదికి అంతకు మించిన జీతం ఇచ్చి తీరాలి. వచ్చేవాడు వంతెనల ఇంజినీరైనా, నగర ప్రణాళికా నిపుణుడైనా నియమం ఒక్కటే. తమ దేశపు వంట వండే పాకశాస్త్రులు, ఇంగ్లిషు కాక మరో భాష నేర్పేవారు, అనువాదకులు, దౌత్య కార్యాలయాల సిబ్బంది వంటి కొద్దిమందికి మినహాయింపు ఉంది.

అదే కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన మరో అంకె రోజుకు 178 రూపాయలు. అది జాతీయ స్థాయి కనీస వేతనం. నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాదికి 55,536 రూపాయలు. ఒక ప్రభుత్వం గీసిన రెండు గీతల మధ్య దూరం 29 రెట్లు. ఒకటి సముద్రం దాటి వచ్చే నిపుణుడికి, రెండోది పక్క జిల్లా నుంచి వచ్చే కూలికి. రెండింటినీ మనం కనీస వేతనం అనే పిలుస్తున్నాం. పేరు ఒకటైనంత మాత్రాన రెండూ చేసే పని ఒకటి కాదు. ఆ తేడా తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. అందుకు ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్ కన్నా మంచి చిరునామా దొరకదు. పనికోసం వచ్చినవారూ, పనికోసం వెళ్లినవారూ అక్కడి ప్లాట్‌ఫారాల మీదే ఎదురుపడ్డారు.

అయిదు రూపాయల చట్టం

మన దేశంలో కనీస వేతన చట్టం అనగానే 1948 గుర్తుకొస్తుంది. అంతకు 83 ఏళ్ల ముందే, 1865లో, బెంగాల్ శాసనమండలి ఒక వేతన పరిమితిని చట్టంలో రాసింది. అస్సాం తేయాకు తోటలకు ఒప్పందంపై తరలించే కూలీలకు అది వర్తించింది. నెలకు పురుషుడికి 5 రూపాయలు, స్త్రీకి 4, పిల్లలకు 3. పనిగంటలు రోజుకు తొమ్మిది. ఒప్పంద కాలం మూడేళ్లకు మించరాదు.

ఇంతవరకు చదివితే కూలీపై జాలిపడి చేసిన చట్టంలా కనిపిస్తుంది. అదే చట్టంలో మరో నిబంధన ఉంది. ఒప్పందం ముగియకముందు తోట విడిచి పారిపోయిన కూలీని తోటదొర తానే పట్టి బంధించవచ్చు. వారెంటుతో పని లేదు, పోలీసుల కోసం వేచి ఉండనక్కర్లేదు. అంటే కూలీకి ప్రభుత్వం అయిదు రూపాయల హామీ ఇచ్చి, బదులుగా అతని కాళ్లను దొర చేతికి అప్పగించింది. వెళ్లిపోయే హక్కు లేనివాడు బేరమాడలేడు. బేరం లేనిచోట చట్టం చెప్పిన కనిష్ఠమే ఆచరణలో గరిష్ఠమవుతుంది. 1882లో వచ్చిన చట్టంలోనూ మొదటి మూడేళ్లకు పురుషుడి వేతనం అదే అయిదు రూపాయలు. పదిహేడేళ్లలో ధరలు మారినా అంకె కదలలేదు.

ఆ తోటలకు మనుషులను పంపిన ప్రాంతాలలో మన గంజాం, విశాఖపట్నం జిల్లాలున్నాయి. మధ్య పరగణాల్లోని ఛత్తీస్‌గఢ్ ఉంది. 1897, 1900 కరువుల తరువాత అక్కడినుంచి అస్సాంకూ, బెంగాల్ బొగ్గుగనులకూ వలసలు ఉధృతమయ్యాయి. తూర్పు భారత పారిశ్రామిక పట్టణాలలో ‘బిలాస్‌పురి’ అన్నమాట ఊరిపేరు నుంచి కూలీ జాతిపేరుగా మారిపోయింది. పూచీదారుడి కింద వలస, దానికొక వేతన గీత, ఆ గీత వెనుక ఒక గొలుసు. ఈ మూడింటి కలయిక మన నేలమీద పుట్టిన కాలం అది.

తీగకు అవతల

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పట్టాలు సిద్ధమయ్యాయి. కాట్నీ శాఖ కలిసే కూడలి కావడంతో బిలాస్‌పూర్ రైల్వే పట్టణమైంది. ఈ కంపెనీ పట్టాలే కాలక్రమంలో ఉత్తరాంధ్రనూ అల్లుకున్నాయి. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మనుషులు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ, బిలాస్‌పూర్ లోకోషెడ్లకూ, యార్డులకూ చేరిన దారి ఇదే. ఖరగ్‌పూర్‌లో, బిలాస్‌పూర్‌లో ఈనాటికీ వినిపించే తెలుగు ఆ జీతాల వెంట వచ్చిన తెలుగే.

ఆ పట్టణానికి నగర ప్రణాళికా శాఖ లేదు. కంపెనీ ఇంజినీర్లే నగరకర్తలు. వారు గీసిన పటంలో జీతమే భూగోళం. అధికారికి తోట మధ్య బంగళా, ఆంగ్లో-ఇండియన్ డ్రైవరుకు వరండా ఉన్న క్వార్టరు, కూలీకి వరుసగదులు. బిలాస్‌పూర్‌లో రైల్వే ప్రాంతాన్ని ఆనుకొని నేటికీ ‘తార్‌బాహర్’ అనే పేట ఉంది. హిందీలో ఆ మాటకు తీగకు అవతల అని అర్థం. రైల్వే పట్టణాల సామాజిక చరిత్ర ఆ ఒక్క పేరులో ఇమిడిపోతుంది.

తీగకు ఇవతలివారి జీతం ఎక్కువగా ఎందుకుండేది? నైపుణ్యం అని కంపెనీ చెప్పింది. బ్రిటన్ నుంచి ఒప్పందంపై రప్పించే ఉద్యోగికి స్వదేశంలో వచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వకపోతే రాడు గనుక, విదేశీ భత్యం, ఓడ ఖర్చులు ఒప్పందంలోనే ఉండేవి. 1924లో లీ కమిషన్ ఉన్నత సర్వీసుల్లోని ఐరోపావారికి ఈ సదుపాయాలను మరింత పెంచింది. ఇది పూచీపై వచ్చినవాడికి అనుకూలమైన వేతన గీత. అస్సాం కూలీ విషయంలో పూచీదారు బలవంతుడు. ఇక్కడ వచ్చినవాడే బలవంతుడు.

ఈ తారతమ్యానికి 1934లో ఒక స్పష్టమైన అంకె దొరికింది. రైల్వేల కింది ఉద్యోగాల్లో 8 శాతం ఆంగ్లో-ఇండియన్లకూ, ఇక్కడే స్థిరపడిన ఐరోపావారికీ కేటాయించిన ప్రభుత్వం, వారికి నెలకు 55 రూపాయల ప్రారంభ కనీస వేతనాన్ని నిర్ణయించింది. పక్కనే పనిచేసే భారతీయుడికి ఆ రక్షణ లేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం 242వ సెక్షన్ ఇంకొక అడుగు వేసి, ఆ సమాజం అంతవరకు అనుభవిస్తున్న పదవుల తరగతి, సంఖ్య, వేతనాలను దృష్టిలో పెట్టుకోవాలని రాసింది. ఆంగ్లో-ఇండియన్లు ధనికులేమీ కారు. వారి ఇళ్లలోనూ అప్పులుండేవి. ఆ భయం నిజమైనదే. అయితే ఒకే యార్డులో ఒకరికి మాత్రమే గీసిన కనీస వేతన గీత, మిగిలినవారిని చవక కూలీగా నిలబెట్టే గీత కూడా అవుతుంది.

ఆ చవక ఎంతటిదో రవీంద్రనాథ్ ఠాగూర్ ఒక కథాకవితలో చూపారు. ఆయన ‘ఫాఁకి’ కవిత బిలాస్‌పూర్ స్టేషనులోనే జరుగుతుంది. జబ్బుపడిన భార్య, రైలు కూలీ భార్య రుక్మిణికి కూతురి పెళ్లి ఖర్చుకు 25 రూపాయలివ్వమని భర్తను కోరుతుంది. అతను రెండు రూపాయలతో సరిపెట్టి, మొత్తం ఇచ్చానని అబద్ధమాడతాడు. రైలు ప్రయాణికుడికి 25 రూపాయలు ఇబ్బందికరమైన దానం. ప్లాట్‌ఫారం మీద బతికే కుటుంబానికి అది ఒక ఆడపిల్ల పెళ్లి.

అదే 55, అందరికీ

ఈ గీతలను ప్రశ్నించినవారిలో తెలుగువాడైన వరాహగిరి వెంకటగిరిది ముందువరుస. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపి, 1927లో ఖరగ్‌పూర్‌లో తొలగింపులకు వ్యతిరేకంగా సాగిన పోరాటానికి ఆయన నాయకుడయ్యారు. 1928లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కనీస వేతన నిర్ణయ యంత్రాంగంపై 26వ ఒడంబడికను ఆమోదించింది. 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ కొన్ని పరిశ్రమల్లోనైనా అటువంటి యంత్రాంగం అవసరమని చెప్పింది. చెప్పినదానికీ చేసినదానికీ మధ్య 17 ఏళ్లు గడిచాయి.

1946లో వరదాచారియర్ అధ్యక్షతన మొదటి కేంద్ర వేతన సంఘం కూర్చుంది. 1947లో అది సూచించిన కనిష్ఠ వేతనం 30 రూపాయల మూలవేతనం, 25 రూపాయల కరువుభత్యం. మొత్తం 55. పదమూడేళ్ల క్రితం ఒక సమాజానికి మాత్రమే దక్కిన అంకె, స్వాతంత్ర్యం గుమ్మంలో ప్రతి కేంద్ర ఉద్యోగికీ దక్కింది. యుద్ధకాలంలో ధరలు రెండింతలకు పైగా పెరిగాయి గనుక, 1947 నాటి 55 రూపాయలతో 1934 నాటి జీవితం కొనలేరు. అయినా సూత్రం గెలిచింది. వేతన గీత పుట్టుకను బట్టి కాక పనిని బట్టి ఉండాలన్న సూత్రం అది. 1948 మార్చిలో కనీస వేతనాల చట్టం వచ్చింది. రాజ్యాంగం 336వ అధికరణ ఆంగ్లో-ఇండియన్ల కేటాయింపులను పదేళ్లలో దశలవారీగా ముగించింది.

గిరి కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును మంత్రివర్గం సవరించిందన్న కారణంతో 1954లో పదవి వదులుకున్నారు. వేతనం విషయంలో మాట తప్పడం కన్నా కుర్చీ వదలడం మేలనుకున్న మంత్రి ఒకప్పుడు ఉండేవారని నేటి రాజకీయ పాఠకులకు గుర్తుచేయడం అనవసరం కాదు.

కోర్బా తరువాత

2009 సెప్టెంబరు 23న కోర్బాలో, బాల్కో విద్యుత్కేంద్రంలో నిర్మాణంలో ఉన్న పొగగొట్టం కూలిపోయింది. కనీసం 40 మంది కార్మికులు చనిపోయారు. కోర్బా 1998 దాకా బిలాస్‌పూర్ జిల్లాలో భాగమే. కాంట్రాక్టు సెప్కో అనే చైనా సంస్థది. పొగగొట్టం పని ఒక భారతీయ సంస్థకు ఉపకాంట్రాక్టు. చనిపోయినవారు వలస కూలీలు. విదేశీ నిపుణుడు, స్వదేశీ ఉపకాంట్రాక్టరు, పరరాష్ట్ర కూలీ ఒకే నిర్మాణస్థలంలో మూడు వేర్వేరు చట్టాల కింద పనిచేసే కాలం వచ్చిందని ఆ శిథిలాలు చెప్పాయి.

విద్యుత్, ఉక్కు ప్రాజెక్టులకు చైనా సంస్థలు వ్యాపార వీసాలపై వేలమందిని, సాధారణ పనివారిని సైతం, తెస్తున్నాయన్న వివాదం అప్పటికే నడుస్తోంది. ఆ ఏడాదే కేంద్రం వ్యాపార వీసాపై ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నవారిని వెనక్కి వెళ్లి ఉద్యోగ వీసా తెచ్చుకోమంది. 2010లో ఉద్యోగ వీసాకు ఏడాదికి 25,000 డాలర్ల జీత పరిమితి విధించింది. తరువాత దాన్ని 16.25 లక్షల రూపాయలుగా మార్చింది. అర్హులైన భారతీయులు దొరికే పనులకు, గుమాస్తా పనులకు ఆ వీసా ఇవ్వరు.

ఈ నియమం లక్ష్యం వచ్చే విదేశీయుడి సంక్షేమం కాదు. తక్కువ జీతానికి వచ్చేవాడిని సరిహద్దులోనే ఆపడం దాని పని. స్థానికుడి ఉద్యోగానికి అది కాపలా. అందులో తప్పేమీ లేదు. కానీ రెండు విషయాలు గమనించాలి. డాలరు 65 రూపాయలున్నప్పటి మారకం రేటు ఆ 16.25 లక్షల్లో గడ్డకట్టింది. డాలరును 85 రూపాయలుగా లెక్కించినా అది 19 వేల డాలర్లకు కాస్త పైన. 1882లో కదలని అయిదు రూపాయల కథే ఇది. రెండవది, ఈ వీసాదారు భారతదేశంలో ఉండగా యజమానిని మార్చుకోలేడు. అదే సంస్థ సమూహంలో పరిమితంగా తప్ప వీలులేదు. జీతం పెద్దది గనుక గొలుసు కనబడదు, అంతే.

పట్నం గీసేవాడి జీతం

ఇప్పుడు నగర ప్రణాళికకు వద్దాం. 2017 జూన్‌లో ప్రకటించిన 30 స్మార్ట్ సిటీల జాబితాలో బిలాస్‌పూర్, నయా రాయపూర్, కరీంనగర్, అమరావతి పక్కపక్కనే ఉన్నాయి. నాలుగింటికీ నిపుణులు కావాలి. అమరావతి బృహత్ ప్రణాళికను సింగపూర్‌కు చెందిన సుర్బానా గీసింది. శాసనసభ, హైకోర్టు నమూనాల కోసం లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. చండీగఢ్ కోసం 1950లో లె కార్బూజియేను, మాక్స్‌వెల్ ఫ్రైను, జేన్ డ్రూను పిలిచిన దేశానికి ఇది కొత్త కాదు. అప్పుడు ప్రభుత్వం వ్యక్తులతో నేరుగా ఒప్పందం చేసుకొని జీతం రాసింది. ఇప్పుడు సంస్థతో ఒప్పందం చేసుకుంటుంది. సంస్థ కింద పటాలు గీసే యువ ప్లానరుకు ఎంత ముడుతుందో ప్రభుత్వానికి పట్టదు.

నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరు నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లాన్ లేదు. రాష్ట్రాల నగర ప్రణాళికా శాఖల్లో మంజూరైన టౌన్ ప్లానర్ పోస్టులు 3,945. అందులో 42 శాతం ఖాళీ. అవసరం ఇంత, ఖాళీలు ఇన్ని ఉంటే అర్థశాస్త్రం ప్రకారం జీతం పెరగాలి. పోస్టు నింపకుండా కన్సల్టెన్సీకి పని అప్పగించే పద్ధతి ఆ సూత్రాన్ని వమ్ము చేసింది. ఒప్పంద కాలం ప్రాజెక్టు కాలంతో ముగుస్తుంది. 2025 మార్చి 31తో స్మార్ట్ సిటీ మిషనే ముగిసింది.

అందుకే మన ప్లానర్లు బయటికి చూస్తారు. అక్కడ ఎదురయ్యేది మళ్లీ వేతన గీతే. బ్రిటన్‌లో నైపుణ్య వీసాకు సాధారణ పరిమితి 26,200 పౌండ్ల నుంచి 2024 ఏప్రిల్‌లో 38,700కు, 2025 జులైలో 41,700కు ఎగసింది. దీనికి తోడు ఆ వృత్తికి నిర్ణయించిన రేటు ఉంటుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. చదువు ముగించి అడుగుపెట్టే వారికి కొంత సడలింపు ఉంది. పూచీ ఇచ్చిన సంస్థ చేయి వదిలితే మరో సంస్థను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. అమెరికాలో 1990 చట్టం నుంచి హెచ్-1బి ఉద్యోగికి ఆ ప్రాంతంలో ఆ వృత్తికి నడుస్తున్న వేతనమో, ఆ సంస్థ తన ఇతర ఉద్యోగులకిచ్చేదో, ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. వినడానికి గొప్పగా ఉంటుంది. ఆ నడుస్తున్న వేతనాన్ని నాలుగు మెట్లుగా విభజించి, మొదటి మెట్టును 17వ శాతస్థానంలో, రెండోదాన్ని 34వ శాతస్థానంలో పెట్టారు. అంటే మొదటి రెండు మెట్లూ ఆ వృత్తి మధ్యస్థ వేతనానికి దిగువనే. హెచ్-1బిపై ఎక్కువగా ఆధారపడే సంస్థలకు కొన్ని షరతుల నుంచి మినహాయింపునిచ్చే 60,000 డాలర్ల గీత 1998లో గీశారు. నేటికీ చెక్కుచెదరలేదు. పని లేకపోయినా జీతం ఇవ్వాలన్న నిబంధన కూడా 1998 నాటిదే. ‘బెంచ్’ మీద నెలల తరబడి జీతం లేకుండా గడిపిన తెలుగు కుటుంబాలకు ఆ నిబంధన విలువ, అది అమలుకాని తీరు రెండూ తెలుసు.

ఈ గీతను ప్రభుత్వమే చెరిపిన సందర్భమూ మన ముందుంది. గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు భారత ప్రభుత్వం నిర్ణయించే కనీస సిఫారసు వేతనాలను 2020 సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. ఉద్యోగాలు పోకుండా ఉండటానికని వివరణ ఇచ్చారు. తెలంగాణ నుంచి నిరసన లేచింది. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021లో పాత వేతనాలనే పునరుద్ధరించారు. అడిగే గొంతు ఉన్నచోట గీత నిలిచింది.

మూడు పరీక్షలు

అస్సాం తోట నుంచి లండన్ కౌన్సిల్ కార్యాలయం దాకా నూటయాభై ఏళ్ల ఈ చరిత్రను చూస్తే, పూచీపై వచ్చేవారికి గీసే ఏ వేతన గీతనైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. ధరలతోపాటు అది కదులుతుందా? ఆ జీతం తీసుకునేవాడు పూచీదారును విడిచి మరోచోటికి వెళ్లగలడా? జీతం తక్కువ పడితే దేశం విడవాల్సిన భయం లేకుండా ఫిర్యాదు చేయగలడా? మూడింటికీ కాదనే జవాబైతే, ఆ కనీస వేతనం యజమానికో, సరిహద్దుకో, ఒక ప్రత్యేక వర్గానికో కాపలా. పనిచేసేవాడికి కాదు.

ఇదే పరీక్ష స్వదేశంలోనూ పెట్టాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ షెడ్యూలు వృత్తుల పరిమితిని తొలగించి, ఉద్యోగులందరికీ కనీస వేతన హక్కునిచ్చింది. సూపర్‌వైజరు, మేనేజరు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. కన్సల్టెన్సీలోని టౌన్ ప్లానరుకూ చట్టరీత్యా ఇప్పుడొక గీత ఉంది. అది మేలు. కానీ అదేరోజు అమలైన మరో కోడ్, 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం స్థానంలోకి వచ్చింది. పాత చట్టం అయిదుగురు వలస కార్మికులున్న చోటికే వర్తించేది. కొత్తదానికి పదిమంది కావాలి. నెల వేతనంలో సగాన్ని లేదా 75 రూపాయలను, ఏది ఎక్కువైతే దానిని, స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలన్న పాత హామీ కొత్త కోడ్‌లో లేదు. బిలాస్‌పూర్ పరిసరాల నుంచి తెలంగాణ ఇటుకబట్టీలకు ప్రతి ఏటా అడ్వాన్సు తీసుకొని వచ్చే కుటుంబానికి మేస్త్రీయే పూచీదారు, అడ్వాన్సే వీసా. ఆ బాకీ తీరేదాకా బట్టీ విడిచి వెళ్లలేని ఆ కుటుంబాన్ని 1865 నాటి చట్టం వెంటనే గుర్తుపడుతుంది.

విదేశాల్లో మన ఇంజినీర్ల, ప్లానర్ల వేతన గీతల మీద పార్లమెంటులో ప్రశ్నలు వేసే తెలుగు ఎంపీలు, ఆ ఇటుకబట్టీ గీత మీద కూడా ఒక ప్రశ్న వేయాలి. 55 రూపాయలు ఒకరి హక్కు నుంచి అందరి హక్కుగా మారడానికి పదమూడేళ్లూ, ఒక స్వాతంత్ర్యోద్యమమూ పట్టాయి. 29 రెట్ల దూరాన్ని తగ్గించడానికి ఎన్నేళ్లు పడుతుందన్నది, అడిగేవారు ఎందరున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.